కాంటాక్ట్ లెన్స్ ఫిట్టింగ్ సరిగ్గా చేయడం ఎలా: పవర్ లెక్క నుంచి చెయ్యి తుడుచుకోవడం దాకా

రాజోలు, పాలకొల్లు, రామచంద్రపురం వైపు ఆప్టికల్ షాపుల్లో కొత్తగా చేరిన ఆప్టోమెట్రీ పిల్లలు ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది ఒకటే. "కళ్లజోడు పరీక్ష బాగానే చేస్తున్నానండి, లెన్స్ అనేసరికి టెన్షన్ వచ్చేస్తోందండి, ఏది ముందు ఏది తర్వాతో వరసగా చెప్పండి" అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను. ఇది మెత్తటి లెన్సుల వరకే. గట్టి లెన్సులు, స్క్లెరల్ లెన్సులు (తెల్లగుడ్డు మీద ఆనే పెద్దవి) దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన పని, చదివి మొదలుపెట్టేది కాదు.

మన గోదావరి డెల్టాలో లెన్స్ కేసులు కొలతల దగ్గర చెడేది తక్కువ, నీళ్ల దగ్గర చెడేది ఎక్కువ. అందుకే 8వ భాగం పొడుగ్గా ఉంటుంది, దాన్ని దాటేయకండి.

1. బల్ల మీద ఉండాల్సినవి

- స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే లైటున్న మైక్రోస్కోప్), అందులో నీలం ఫిల్టర్
- నల్లగుడ్డు వంపు కొలిచే కెరటోమీటర్ (ఆటో అయినా సరే)
- ఫ్లోరసీన్ స్ట్రిప్పులు (కంట్లో రంగు వేసే కాగితం ముక్కలు), స్టెరైల్ సెలైన్
- ట్రయల్ లెన్సులు, గడువు తేదీ చూసినవి
- బల్ల మీద పెట్టుకునే అద్దం, నూగు రాని టిష్యూలు
- చేతులు కడుక్కునే చోట సబ్బు

స్లిట్ ల్యాంప్ లేని షాపులో లెన్స్ ఫిట్ చేయకండి. యజమాని ఎంత ఒత్తిడి చేసినా సరే. లెన్స్ కింద ఏం జరుగుతోందో చూడలేనప్పుడు లెన్స్ పెట్టడం తప్పు, ఇందులో మధ్యేమార్గం లేదు.

2. కుర్చీలో కూర్చోగానే అడగాల్సినవి

లెన్స్ ఎందుకు కావాలో ముందు తెలుసుకోండి. మన దగ్గర సగం కేసులు పెళ్లిళ్లే. "మా అమ్మాయికి వచ్చే బుధవారం పెళ్లండి, ఫొటోల్లో కళ్లజోడు ఉండకూడదంటోందండి" అని తల్లి చెబుతుంది. వారం రోజుల్లో కొత్త లెన్స్ అలవాటు చేసి, హోమం పొగ ముందు గంటల తరబడి కూర్చోబెట్టడం ఆ పిల్లకి శిక్ష. నెల ముందైతే హాయిగా చేయొచ్చు. ఆఖరి నిమిషంలో వస్తే డైలీ డిస్పోజబుల్ (ఒక్కరోజు వాడి పారేసేది) ఒకటి పెట్టి చూడండి, పెట్టుకోవడం తీయడం రెండూ ఆమెకు స్వయంగా వస్తేనే ఇవ్వండి, రాకపోతే ఆ తల్లికి నచ్చజెప్పి పంపండి.

తర్వాత ఇవి అడగండి:

- ఏం పని చేస్తారు? రొయ్యల చెరువు, వరి నూర్పిడి, కొబ్బరి పీచు, వంట, బండి మీద తిరిగే ఉద్యోగం
- రోజుకి ఎన్ని గంటలు పెట్టుకోవాలనుకుంటున్నారు?
- స్నానం ఎక్కడ? ఈత కొడతారా?
- షుగర్, ఎలర్జీ, థైరాయిడ్ ఉన్నాయా?
- మొటిమలకి మాత్రలు వాడుతున్నారా? ఐసోట్రెటినాయిన్ కన్నీటిని బాగా తగ్గించేస్తుంది, కుర్రపిల్లలు అడిగితే తప్ప చెప్పరు
- ఇంతకుముందు లెన్స్ వాడారా, ఎందుకు మానేశారు?

ఈ ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబు చాలాసార్లు మిగతా పరీక్ష అంతటికంటే ఎక్కువ చెబుతుంది.

40 దాటినవాళ్లకి ఇంకో మాట చెప్పాలి. మైనస్ పవర్ ఉన్నవాళ్లు కళ్లజోడుతో దగ్గరివి బాగానే చదువుతుంటారు, లెన్స్ పెట్టగానే సెల్‌ఫోన్ అక్షరాలు మసకబారతాయి. ముందే చెబితే అర్థం చేసుకుంటారు, తర్వాత చెబితే లెన్స్ బాగోలేదంటారు.

3. లెన్స్ ముట్టుకోకముందు కంటి పరీక్ష

వరస మార్చకండి.

ముందు రెప్పల అంచులు చూడండి. వెంట్రుకల మొదళ్లలో పొట్టు, నూనె గ్రంథుల నోళ్లు మూసుకుపోవడం ఉంటే ముందు దానికి వైద్యం, లెన్స్ తర్వాత. పై రెప్ప తిప్పి చూడటం మాత్రం ఎప్పుడూ మానకండి. లోపల ఎర్రటి గుల్లలు ఉన్నాయో లేవో ఇవాళ రాసుకోకపోతే ఆరు నెలల తర్వాత అవి లెన్స్ వల్ల వచ్చాయో అంతకుముందే ఉన్నాయో మీకు తెలియదు.

ఎండలో పనిచేసేవాళ్లకి కంట్లో కండ పెరిగి ఉంటుంది. అది నల్లగుడ్డు మీదికి పాకితే మెత్తటి లెన్స్ అంచు దాని మీద ఎక్కి ఒరుసుకుంటుంది, అలాంటివాళ్లని డాక్టర్ దగ్గరికి పంపండి.

తర్వాత ఫ్లోరసీన్. స్ట్రిప్పుని ఒక చుక్క సెలైన్‌తో తడిపి, కింది రెప్ప లోపల తాకించి, రెండు మూడుసార్లు ఆర్పమని, ఆ తర్వాత ఆర్పకుండా చూడమనండి. రంగు పొర పగలడానికి 10 సెకన్లు కూడా పట్టకపోతే కన్నీటి మీద అనుమానం పెట్టుకోవాలి, 5 లోపే పగిలితే ఆ రోజు ఫిట్టింగ్ ఆపేయండి. నల్లగుడ్డు మీద పచ్చగా మెరిసే చుక్కలుంటే ఎక్కడ, ఎన్ని అన్నది బొమ్మ గీసి పెట్టుకోండి.

ఒక జాగ్రత్త: ఫ్లోరసీన్ ఉండగా మెత్తటి లెన్స్ పెడితే లెన్స్ పచ్చబడిపోతుంది. సెలైన్‌తో బాగా కడిగి, కొంతసేపు ఆగి అప్పుడు పెట్టండి.

4. కొలతలు

కెరటోమీటర్ రీడింగ్ 43, 44 డయాప్టర్ల (పవర్ కొలత) దగ్గర ఉండటం మామూలు. మిల్లీమీటర్లలోకి మార్చాలంటే 337.5ని ఆ అంకెతో భాగించండి. 43.50 అయితే 7.76 మి.మీ. వస్తుంది. అంకె కంటే కెరటోమీటర్‌లో కనబడే రింగుల ఆకారం ముఖ్యం. రింగులు వంకరగా, చెదిరినట్టు కనబడినా, రీడింగ్ 48 దాటినా, కళ్లజోడు సిలిండర్ (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చే పవర్) ఏడాదికోసారి మారుతున్నా కెరటోకోనస్ (నల్లగుడ్డు పలచబడి ముందుకి పొడుచుకొచ్చే జబ్బు) అనుమానించి టోపోగ్రఫీకి (నల్లగుడ్డు వంపుని మ్యాప్‌లా చూపే పరీక్ష) పంపండి. అలాంటి కంటికి మెత్తటి లెన్స్ పెట్టి పంపేస్తే జబ్బు బయటపడటం ఇంకా ఆలస్యమవుతుంది.

నల్లగుడ్డు అడ్డం వెడల్పు కొలవండి. సుమారు 11.7 మి.మీ. ఉంటుంది. లెన్స్ దానికంటే 2 మి.మీ. పైగా పెద్దది కావాలి, అందుకే ఎక్కువ లెన్సులు 14.0 నుంచి 14.5 దాకా వస్తాయి. బేస్ కర్వ్ (లెన్స్ లోపలి వంపు) మనం ఎంచుకునేది పెద్దగా ఉండదు, ఒక్కో కంపెనీ ఒకటో రెండో ఇస్తుంది. సరిపోయిందో లేదో ట్రయల్ చెప్పాలి.

5. పవర్ లెక్క

4.00 డయాప్టర్ల లోపు ఉంటే కళ్లజోడు పవరే దాదాపు లెన్స్ పవర్. 4.00 నుంచి పైకి కళ్లజోడుకీ కంటికీ మధ్య ఉన్న 12 మి.మీ. దూరం లెక్కలోకి వస్తుంది. మైనస్‌లో తగ్గుతుంది, ప్లస్‌లో పెరుగుతుంది.

- కళ్లజోడు −4.00 → లెన్స్ −3.75
- కళ్లజోడు −6.00 → లెన్స్ −5.50
- కళ్లజోడు −8.00 → లెక్కకి −7.30 వస్తుంది
- కళ్లజోడు −10.00 → లెన్స్ −9.00
- కళ్లజోడు +6.00 → లెన్స్ +6.50

−6.00 దాటాక చాలా లెన్సులు అర డయాప్టర్ మెట్లలోనే దొరుకుతాయి. కాబట్టి −7.30కి −7.00, −7.50 రెండూ పెట్టి చూడండి, స్పష్టంగా కనబడే వాటిలో తక్కువ మైనస్ ఉన్నది ఉంచండి.

సిలిండర్ 0.50 ఉంటే అందులో సగం స్ఫియర్‌కి, అంటే మామూలు పవర్‌కి, కలిపేయొచ్చు (−2.00 / −0.50 అయితే −2.25). 0.75 నుంచి టారిక్ (సిలిండర్ కూడా ఉన్న లెన్స్) గురించి మాట్లాడండి. ధర ఎక్కువని టారిక్ అవసరమైనవాళ్లకి మామూలు లెన్స్ ఇస్తే సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, వాళ్లు ఆ నెపం కంటి మీద వేస్తారు, మీ మీద కాదు.

6. ఏ లెన్స్

ఇందులో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చెరువుల దగ్గర, పొలాల్లో, లంకల్లో పనిచేసేవాళ్లకి, అప్పుడప్పుడూ మాత్రమే పెట్టుకునేవాళ్లకి, పెళ్లికూతుళ్లకి డైలీ డిస్పోజబుల్ తప్ప ఇంకోటి చూపించకండి. పెట్టుకున్నారు, సాయంత్రం పారేశారు. కేసు లేదు, సొల్యూషన్ లేదు, పాచి పట్టేదేమీ లేదు.

రోజూ 8, 10 గంటలు పెట్టుకునే ఆఫీసు ఉద్యోగులకి నెలవారీ సిలికాన్ హైడ్రోజెల్ (ఆక్సిజన్ బాగా అందనిచ్చే మెత్తటి లెన్స్) బాగుంటుంది. నెల అంటే ప్యాకెట్ విప్పిన రోజు నుంచి 30 రోజులు, 30సార్లు పెట్టుకోవడం కాదు. విప్పిన తేదీ డబ్బా మీద మీ చేత్తో రాసివ్వండి.

నిద్రలో పెట్టుకునే లెన్స్ అడిగితే నేను వద్దంటాను. మెలకువగా ఉన్న కంటికి లెన్స్ గుండా ఆక్సిజన్ అందే కొలత, అంటే డీకే/టీ, 24 ఉంటే చాలని, మూసిన కంటికి 87 కావాలని హోల్డెన్, మెర్ట్జ్ అనే పరిశోధకులు 1984లోనే చూపించారు. ఆక్సిజన్ బాగా అందే లెన్సులు వచ్చాక కూడా రాత్రి లెన్స్‌తో పడుకునేవాళ్లలో ఇన్ఫెక్షన్లు తగ్గిపోలేదు.

రంగు లెన్స్‌కి పవర్ లేకపోయినా ఇదే పరీక్ష, ఇదే నేర్పడం. అక్కచెల్లెళ్లు ఒకే జత మార్చుకుని పెట్టుకుంటారు, తప్పకుండా అడగండి.

7. ట్రయల్ పెట్టి చూడటం

లెన్స్ పెట్టాక 15, 20 నిమిషాలు కూర్చోనివ్వండి. పెట్టగానే చూసి తీర్పు చెప్పేయకండి, కన్నీళ్లు ఆగాక లెన్స్ కదిలే తీరు మారిపోతుంది.

స్లిట్ ల్యాంప్ కింద చూడాల్సినవి:

- లెన్స్ నల్లగుడ్డునంతా కప్పి, చుట్టూ దాదాపు 1 మి.మీ. తెల్లగుడ్డు మీదికి వచ్చిందా?
- రెప్ప ఆర్పినప్పుడు 0.2 నుంచి 0.4 మి.మీ. కదులుతోందా?
- కింది రెప్పతో లెన్స్‌ని పైకి నెట్టి వదిలితే తేలిగ్గా కదిలి, మెల్లగా తన చోటుకి వస్తోందా?
- అంచు దగ్గర రక్తనాళాలు నొక్కుకుపోయి తెల్లబడ్డాయా?

బిగుతు లెన్స్ మోసం చేస్తుంది. మొదటి రోజు అదే హాయిగా ఉంటుంది, అసలు పెట్టుకున్నట్టే లేదంటారు. కదలని లెన్స్ కింద చెత్త అలాగే ఉండిపోతుంది, సాయంత్రానికి కన్ను ఎర్రబడుతుంది. ఆర్పిన వెంటనే చూపు ఒక క్షణం తేటపడి మళ్లీ మసకబారితే బిగుతు అనుకోండి, ఆర్పగానే మసకబారితే వదులు. బిగుతైతే బేస్ కర్వ్ అంకె పెంచండి, వదులైతే తగ్గించండి. ఒకే బేస్ కర్వ్ ఉన్న రకమైతే ఇంకో కంపెనీ లెన్స్ పెట్టండి.

టారిక్ అయితే లెన్స్ మీది గీత ఎక్కడ ఆగిందో చూడండి. మీకు కనిపిస్తున్న దిక్కు ప్రకారం, కింది గీత మీ ఎడమకి తిరిగితే ఆ డిగ్రీలు యాక్సిస్‌కి, అంటే సిలిండర్ కోణానికి, కలపండి, కుడికి తిరిగితే తీసేయండి. యాక్సిస్ 180 ఉండి, గీత 10 డిగ్రీలు ఎడమకి తిరిగితే 190, అంటే 10 యాక్సిస్ ఆర్డర్ చేయాలి. గడియారంలో ఒక గంట జరిగితే 30 డిగ్రీలు, అంచనాకి అది చాలు. ఆర్పినప్పుడల్లా గీత ఊగుతూనే ఉంటే మాత్రం లెక్క వేయకండి, లెన్స్ రకమే మార్చాలి.

ఆ తర్వాత లెన్స్ మీద పవర్ పరీక్ష. అనుకోకుండా అర డయాప్టర్ తేడా వస్తే వెంటనే పవర్ మార్చేయకుండా కుడి ఎడమలు తారుమారయ్యాయేమో, లెన్స్ తిరగబడిందేమో చూసుకోండి. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు అదే.

8. నేర్పడం, ముఖ్యంగా నీళ్ల సంగతి

నేను కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక కుర్రాడికి నెలవారీ లెన్స్ ఫిట్ చేశాను. కొలతలు బాగా కుదిరాయి, చూపు పూర్తిగా వచ్చింది. "శుభ్రంగా ఉంచుకో" అని చెప్పి పంపాను. రెండు నెలల తర్వాత వచ్చాడు, కర్చీఫ్ కంటికి అడ్డం పెట్టుకుని, లైటు చూడలేక తల దించుకుని. చొక్కా జేబులోంచి కేసు తీసి నా చేతిలో పెట్టాడు. మూత మరల్లో సన్నగా పచ్చటి గీత, లోపల వేలు పెడితే జారుతోంది.

"ఇందులో ఏం పోస్తున్నావమ్మా?" అని అడిగాను.

"సొల్యూషన్ అయిపోయిందండి. టిన్ను నీళ్లేనండి, ఫిల్టర్‌వి. రోజూ శుభ్రంగా కడుగుతున్నానండి, ఆయ్."

అతను నేను చెప్పిందే చేశాడు. మన ఊళ్లలో శుభ్రం అంటే నీళ్లతో కడగడమే. ఇల్లు, వాకిలి, కాళ్లు, గిన్నెలు, అన్నీ నీళ్లతోనే శుభ్రం. ఆ కంటికి నెలల తరబడి వైద్యం జరిగింది, చివరికి నల్లగుడ్డు మీద పువ్వు (తెల్లటి మచ్చ) మిగిలిపోయింది. అప్పటి నుంచి నేను "శుభ్రంగా" అన్న మాట వాడటం మానేశాను. "నీళ్లు తగలనివ్వద్దు" అంటాను, ఎందుకో కూడా చెబుతాను.

ఎందుకంటే కాలువ, చెరువు, బోరు, కుళాయి నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది. తాగితే ఏమీ చేయదు. లెన్స్‌కి అంటుకుని నల్లగుడ్డు మీద గంటల కొద్దీ కూర్చుంటే లోపలికి దిగుతుంది. దాని గట్టి గుడ్డు లాంటి దశ మామూలు సొల్యూషన్లకి సరిగ్గా చావదు. వేసవిలో కాలువలు కట్టేశాక నిల్వ నీళ్లతో గడుపుకుంటాం కదా, ఆ రోజుల్లో ఈ మాట రెండుసార్లు చెప్పండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, లెన్స్‌తో మునక వేయకూడదని ఇప్పటి నుంచే చెప్పడం మొదలుపెట్టండి.

ఇక నేర్పే వరస:

1. గోళ్లు కత్తిరించుకుని రమ్మనండి.
2. సబ్బుతో కడగాలి. తలకి కొబ్బరి నూనె రాసిన చెయ్యి, ఆవకాయ కలిపిన చెయ్యి అయితే రెండుసార్లు. నూనె అంటితే లెన్స్ పొగబట్టినట్టవుతుంది.
3. చేతులు పూర్తిగా ఆరేదాకా తుడుచుకోవాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. తడి వేలితో లెన్స్ తీస్తే నీళ్లు పెట్టినట్టే, పైగా లెన్స్ వేలికే అతుక్కుపోతుంది.
4. ఎప్పుడూ కుడి కన్ను ముందు.
5. లెన్స్‌ని వేలి కొన మీద నిలబెట్టి పక్క నుంచి చూడాలి. గిన్నెలా ఉంటే సరి, అంచు పళ్లెంలా బయటికి విచ్చుకుంటే తిరగబడింది.
6. రెండో చేత్తో పై రెప్పని వెంట్రుకల దగ్గరే పట్టుకోవాలి. మధ్యలో పట్టుకుంటే కన్ను మూసేసుకుంటుంది.
7. అద్దంలోకి చూస్తూ లెన్స్ తాకించి, వేలు మెల్లగా తీసి, కిందికి చూసి, అప్పుడు రెప్ప వదలాలి.
8. తీసేటప్పుడు పైకి చూస్తూ లెన్స్‌ని కిందికి తెల్లగుడ్డు మీదికి జార్చి, వేళ్ల మెత్తటి భాగంతో చిటికెలా పట్టుకోవాలి.

మూడుసార్లు పెట్టి, మూడుసార్లు తీసేదాకా లెన్స్ చేతికివ్వకండి. గంట పడితే పట్టనివ్వండి, రాకపోతే రేపు రమ్మనండి. "లెన్స్ కంటి వెనక్కి వెళ్లిపోతుందేమోనండి" అని ప్రతివాళ్లూ భయపడతారు. రెప్ప లోపలి పొర మడత తిరిగి కంటికే అతుక్కుని ఉంటుంది, వెనక్కి దారి లేదు. పై రెప్ప కింద దాక్కుంటే కిందికి చూసి, లూబ్రికెంట్ చుక్కలు వేసుకుని, రెప్ప మీద మెల్లగా నిమిరితే వచ్చేస్తుంది. ఆరిపోయి అతుక్కుంటే గిల్లకూడదు, చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగాలి.

చేతికిచ్చే చీటీ మీద ఇవి రాయండి:

- స్నానానికీ, ముఖం కడుక్కోవడానికీ ముందే లెన్స్ తీయాలి
- అరచేతిలో సొల్యూషన్ పోసి రుద్ది కడగాలి, పెట్టె మీద రుద్దక్కర్లేదని ఉన్నా సరే
- కేసులో పాత సొల్యూషన్ మీద కొత్తది పోయకూడదు, రోజూ పారబోయాలి
- కేసుని సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూతో తుడిచి, బోర్లించి ఆరబెట్టాలి, బాత్‌రూమ్‌లో పెట్టకూడదు
- మూడు నెలలు దాటకుండా కేసు మార్చాలి
- ఉత్త సెలైన్ క్రిముల్ని చంపదు
- కాటుక, మేకప్ లెన్స్ పెట్టాక. లెన్స్ తీశాకే మేకప్ తుడవడం
- లెన్స్‌తో పగటి కునుకు కూడా వద్దు

మొదటి రోజు 4 గంటలు, తర్వాత రోజుకి 2 గంటల చొప్పున పెంచుకుంటూ పోవాలి.

9. మళ్లీ చూడాల్సిన రోజులు

మర్నాడు ఫోన్, వారం తర్వాత ఒకసారి చూడటం, ఆ తర్వాత నెలకి, ఆపైన ఆరు నెలలకోసారి. వచ్చేటప్పుడు కనీసం మూడు గంటలుగా లెన్స్ పెట్టుకుని ఉండాలి, లేకపోతే చూడటానికేమీ ఉండదు. లెన్స్ మీద చూడండి, తీయించి ఫ్లోరసీన్ వేయండి, పై రెప్ప తిప్పండి, మొదటి రోజు గీసిన బొమ్మతో పోల్చండి.

- కింది భాగంలో నెలవంకలా చుక్కలు: రెప్ప పూర్తిగా ఆర్పడం లేదు. ఫోన్, కంప్యూటర్ వాడకం అడగండి, లూబ్రికెంట్ ఇవ్వండి
- నల్లగుడ్డంతా సన్నటి చుక్కలు: సొల్యూషన్ పడటం లేదు. పెరాక్సైడ్ సొల్యూషన్‌కి గానీ డైలీ లెన్స్‌కి గానీ మార్చండి. పెరాక్సైడ్ దాని సొంత కేసులోనే 6 గంటలు ఉండాలి, నేరుగా కంట్లో పడకూడదని గట్టిగా చెప్పండి
- నల్లగుడ్డు అంచు చుట్టూ ఎరుపు, లోపలికి పాకే నాళాలు: ఆక్సిజన్ చాలడం లేదు, గంటలు తగ్గించి లెన్స్ మార్చండి
- పై రెప్ప లోపల పెద్ద గుల్లలు, దురద, తీగలా ఊసి: కొన్ని వారాలు లెన్స్ మానిపించండి, తర్వాత డైలీ

ఎంత హాయిగా ఉందన్నా కేసు తెమ్మనండి. కేసు చూస్తే ఇల్లు చూసినట్టే.

10. కన్ను ఎర్రబడి వస్తే

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు కార్నియా (నల్లగుడ్డు) డాక్టర్ దగ్గరికి పంపాలి, రేపు చూద్దామనకండి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయితే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డుని కరిగించేస్తుంది. అమీబా అయితే దానికి వ్యతిరేకం, పైకి పెద్దగా కనిపించదు గానీ నొప్పి భరించలేనంత ఉంటుంది. కంట్లో కనిపించేదానికీ మనిషి పడే బాధకీ పొంతన లేకపోతే నీళ్ల గురించి అడగండి.

చేయకూడనివి:

- కంటికి పట్టీ కట్టడం
- మందుల షాపులో ఇచ్చే ఎర్రకంటి చుక్కలు వేయడం. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు, ఎరుపు తగ్గి పుండు పెరుగుతుంది
- తల్లిపాలు, ఆముదం, పసరు
- డాక్టర్ నల్లగుడ్డు మీంచి నమూనా తీయకముందే మీరు యాంటీబయాటిక్ మొదలుపెట్టడం, అదే రోజు చేరగలిగే దూరమైతే

లెన్స్‌నీ కేసునీ పారేయనివ్వకండి, ఉన్నవి ఉన్నట్టు కవర్లో పెట్టి ఇవ్వండి, ల్యాబ్ పరీక్షకి పనికొస్తాయి. కూడా పంపే చీటీలో లెన్స్ పేరు, ఎన్నాళ్లుగా వాడుతున్నారు, పెట్టుకుని పడుకున్నారా, నీళ్లు తగిలాయా, ఏ సొల్యూషన్, ఇప్పటిదాకా ఏ చుక్కలు వేశారు, నొప్పి ఎప్పుడు మొదలైంది, మీరు కొలిచిన చూపు ఎంత అన్నది రాయండి. రెండో కంట్లో ఉన్న లెన్స్ కూడా తీయించి పంపండి. సాయంత్రం ఫోన్ చేసి ఆసుపత్రికి చేరారో లేదో కనుక్కోండి.